పాప వస్తే చాలు

పిల్లల కంప్యూటర్ ఆటల గురించి ఈ బ్లాగులో రాసే రోజొకటి వస్తుందని అనుకోలేదు. ఆ మాట వింటేనే మీలో చాలామందికి ఒళ్లు మండుతుందని తెలుసు. నాకూ మండేది. కానీ ఏడాదిగా మా ఇంటి పిల్లలు మూడు ఊళ్ల నుంచి ఒకే ఆటలో కలుసుకుంటున్నారు. అలా కలుసుకోవడం వెనక ఒక చిన్న కిటుకు ఉంది. అది లేకపోతే వాళ్లలో ఒక పిల్ల గడప బయటే ఉండిపోయేది. "అమ్మా, ఈ మాడ్ ఎక్కించుకోకపోతే నన్ను ఆటలోకి రానివ్వరట" అని మీ ఇంట్లోనూ ఎవరైనా ప్రాణం తీస్తుంటే ఇది చదవండి, పనికొస్తుంది.

ముందు మా పిల్లల సంగతి. మా అబ్బాయి బీటెక్ మొదటి సంవత్సరం, హైదరాబాద్‌లో మా దగ్గరే ఉంటాడు. మా ఆడపడుచు పిల్లలు ఇద్దరూ అమెరికాలో, డాలస్‌లో. పదేళ్లవాడొకడు, పదమూడేళ్లవాడొకడు. మా మరిది కూతురు కాకినాడలో ఏడో తరగతి చదువుతోంది. నాలుగేళ్ల కిందటి వరకూ ఈ నలుగురూ వేసవికి అమలాపురం దగ్గర మా అత్తవారి ఊళ్లో కలిసేవాళ్లు. మండువా ఇల్లు, చుట్టూ కొబ్బరి తోట, వెనక కాలువ. ఆ నెల రోజులూ వాళ్లకి అన్నం పెట్టి స్నానాలు చేయించడమే నాకూ మా తోడికోడలికీ పని.

మా మామగారు పోయాక ఇల్లు పంచుకున్నారు. పంపకాల దగ్గర మాటా మాటా వచ్చింది. తప్పెవరిదో ఇక్కడ రాయను. మండువా మధ్యలో గోడ లేచింది. అన్నదమ్ములు పెళ్లిళ్లలో ఎదురుపడితే తలలూపుకుంటారు, అంతే. మా తోడికోడలూ నేనూ పండగలకి ఒకరికొకరం దీపం బొమ్మో, ముగ్గు బొమ్మో పంపుకుంటాం. ఎవరో చేసిన బొమ్మలే. సొంత మాట ఒక్కటీ ఉండదు.

పెద్దవాళ్ల సంగతి ఇలా ఉంటే, పిల్లలు మాత్రం మైన్‌క్రాఫ్ట్‌లో ఒకళ్లనొకళ్లు వెతుక్కున్నారు.

తెలియనివాళ్లకి రెండు ముక్కలు చెబుతాను. మైన్‌క్రాఫ్ట్ స్వీడన్‌లో పుట్టిన ఆట. మార్కస్ పెర్సన్ అనే ఆయన 2009లో మొదట బయటపెట్టాడు. పూర్తి ఆట 2011లో వచ్చింది. 2014లో మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీని 250 కోట్ల డాలర్లకి కొనేసింది. ఆటలో అంతా చతురస్రాలే. మట్టి, రాయి, చెక్క, నీళ్లు, అన్నీ బ్లాకులు. తవ్వుకోవడం, పోగు చేసుకోవడం, కట్టుకోవడం. మన చిన్నప్పటి బొమ్మరిల్లే అనుకోండి, కాకపోతే దీనికి అంతు లేదు.

ఈ ఆట రెండు రకాలుగా దొరుకుతుంది. కంప్యూటర్లలో ఎప్పటినుంచో ఉన్నది జావా ఎడిషన్. ఫోన్లలో, టాబ్లెట్లలో, టీవీకి తగిలించుకునే ఆట పెట్టెల్లో నడిచేది బెడ్‌రాక్ ఎడిషన్. చూడ్డానికి అక్కచెల్లెళ్లలా ఉంటాయి గానీ ఒకదాని భాష ఇంకోదానికి రాదు. జావాలో కట్టిన ఊళ్లోకి ఫోన్లో ఆడేవాళ్లు నేరుగా వెళ్లలేరు.

మా అబ్బాయికి లాప్‌టాప్ ఉంది. డాలస్ పిల్లలకి కంప్యూటర్ ఉంది గానీ అందులో కొత్తది ఏది ఎక్కించాలన్నా వాళ్ల నాన్న పాస్‌వర్డ్ కొట్టాలి. కాకినాడ పిల్లకి ఉన్నది వాళ్లమ్మ ఫోను. అదీ ఆదివారం ఒక గంట. దాన్నిండా పెళ్లి వీడియోలు, స్కూల్ గ్రూపుల ఫొటోలు. కొత్తగా ఒక పాట ఎక్కించాలన్నా పాతదేదో తీసెయ్యాలి.

ఇక మాడ్ అంటే ఆటకి బయటివాళ్లు రాసుకున్న చేర్పు. బీఏ తెలుగులో ఆగమం, ఆదేశం చదువుకున్నవాళ్లకి తేలిగ్గా అర్థమవుతుంది. కొన్ని మాడ్‌లు ఆగమంలా ఉన్నదాని పక్కన కొత్తది తెచ్చి చేరుస్తాయి. కొన్ని ఆదేశంలా ఉన్నదాన్ని తీసేసి ఆ చోట కూర్చుంటాయి. కొత్త చెట్లు, కొత్త జంతువులు, కుర్చీలు, బల్లలు, రైళ్లు, ఏదైనా సరే. కంప్యూటర్‌లో వీటిని ఎక్కించడానికి ముందు ఫోర్జ్ అనో ఫ్యాబ్రిక్ అనో ఒక సాధనం పెట్టుకోవాలి. ఆ తర్వాత మాడ్. కలిసి ఆడాలంటే అందరి దగ్గరా అదే మాడ్, సాధారణంగా అదే వెర్షన్ ఉండాలి. ఒకళ్ల దగ్గర తేడా వచ్చినా తలుపు తెరుచుకోదు. జావా మాడ్‌లు ఫోన్‌లోకి అసలే ఎక్కవు.

మా అబ్బాయి మొదట అనుకున్నది అదే. ఫర్నిచర్ మాడ్, పంటల మాడ్ పెట్టి పెద్ద ఊరు కట్టాలని. డాలస్ వాళ్లు వాళ్ల నాన్నని బతిమాలుకుని ఒప్పించారు. కాకినాడ పిల్ల మాత్రం "మీరు ఆడుకోండి అన్నయ్యా, నేను తర్వాత వస్తాలే" అని మెసేజ్ పెట్టింది.

ఆ "తర్వాత వస్తాలే" అన్న మాట ఆడపిల్ల నోట ఎలా వస్తుందో మీకు చెప్పక్కర్లేదు. బంతిలో చోటు లేనప్పుడు మనం అనే మాటే కదా అది. కంప్యూటర్ కొనిపెట్టమని వాళ్ల నాన్నని అడగదు. అడిగినా, పెద్దన్నయ్య వాళ్లింట్లో ఉందని మన ఇంట్లోనూ కావాలా అని ఆయనకి గుచ్చుకుంటుంది. మా ఇంటి నుంచి పాతదొకటి పంపుతామన్నా పుచ్చుకునే రోజులు కావివి. పన్నెండేళ్ల పిల్లకి ఇవన్నీ ఎవరూ చెప్పలేదు. చెప్పకుండానే తెలిసిపోయాయి.

రెండు రోజులు మా వాడు గది తలుపు వేసుకుని ఏదో చదివాడు. మూడో రోజు వంటింట్లోకి వచ్చి "అమ్మా, వాళ్లెవరూ ఏమీ ఎక్కించుకోనక్కర్లేదు. అంతా సర్వర్‌లోనే పెట్టేస్తా" అన్నాడు. అప్పుడు నేను పెసరట్లు పోస్తున్నాను. సర్వర్ అంటే ఏమిట్రా అంటే వాడు చెప్పింది ఒక పట్టాన అర్థం కాలేదు. తర్వాత నా భాషలోకి మార్చుకుంటే ఇలా తేలింది.

నలుగురు కలిసి ఆడేటప్పుడు ఆట నిజంగా జరిగేది వాళ్ల వాళ్ల ఫోన్లలోనో కంప్యూటర్లలోనో కాదు. ఎక్కడో ఒక యంత్రం ఉంటుంది. ఎవరు ఎక్కడున్నారు, ఏ రాయి తీశారు, ఎవరికి ఆకలైంది, పొద్దు ఎంతెక్కింది అన్నది అది సెకనుకి ఇరవై సార్లు లెక్క చూసుకుంటుంది. మన చేతిలో ఉన్నది ఆ లెక్కని బొమ్మగా చూపించేది మాత్రమే. అంటే సర్వర్ వంటిల్లు. పిల్లల చేతుల్లో ఉన్నవి విస్తళ్లు.

కూరలో ఉప్పు తగ్గించాలంటే వంటింట్లో తగ్గిస్తే సరిపోతుంది. పప్పు బదులు పప్పుచారు పెట్టాలన్నా, రెండో కూర చెయ్యాలన్నా, తినేవాళ్లు విస్తరి మార్చుకోనక్కర్లేదు. ఇంటి నుంచి ఉప్పు తెచ్చుకోనక్కర్లేదు. అలాగే ఆట నియమాల్లో మార్పులన్నీ సర్వర్‌లో చేసుకోవచ్చు. అలా సర్వర్‌లో మాత్రమే కూర్చునే చేర్పుని ప్లగిన్ అంటారు. ఆడేవాళ్లకి అది ఉన్నట్టే తెలియదు. వాళ్ల దగ్గర మామూలు ఆట ఉంటే చాలు.

ఈ పద్ధతికి వయసు ఉందండోయ్. 2010 చివర్లో, ఆట ఇంకా పూర్తికాకముందే, కొందరు కుర్రాళ్లు ఇందుకోసం ఒక సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టారు. పేరు బకెట్. 2012లో ఆట కంపెనీ వాళ్లలో ముఖ్యుల్ని ఉద్యోగంలోకి తీసుకుంది. 2014లో వాళ్లలో వాళ్లకి హక్కుల గొడవ వచ్చి బకెట్ ఆగిపోయింది. దాన్నుంచే పుట్టిన స్పిగాట్ నిలబడింది. స్పిగాట్ అంటే కుళాయి. దాన్నుంచి ఇంకొకటి పుట్టింది, దాని పేరు పేపర్. బకెట్, కుళాయి, కాగితం! ఇన్నాళ్లూ నాకేదో అంతుపట్టని విద్య అనుకున్నాను, పేర్లు చూస్తే అంతా మన దొడ్లో సామానే. మా వాడు పెట్టింది పేపర్. ఇంట్లో ఇంటర్నెట్ మీద నడపడం కుదరక, నెలకింతని అద్దె కట్టే చోట పెట్టాడు. ట్యూషన్ చెప్పిన డబ్బులు అందులోకి పోతున్నాయి.

ఇక ఆ ఊళ్లో ఏయే నియమాలు పెట్టాడో చెబుతాను. ఒక్కో దాంట్లో ఒక్కో సంసార సూత్రం కనబడింది నాకు.

ఈ ఆటలో రాత్రి పడితే దెయ్యాలూ భూతాలూ తిరుగుతాయి. ఒక పగలూ ఒక రాత్రీ కలిపి మనకి ఇరవై నిమిషాలు. రాత్రి తొందరగా గడవాలంటే ఊళ్లో ఉన్నవాళ్లందరూ ఒకేసారి పడుకోవాలి. ఒక్కడు మేలుకుని గని తవ్వుతూ కూర్చుంటే మిగతావాళ్లకి తెల్లవారదు. మన ఇళ్లలో అర్ధరాత్రి దాకా టీవీ పెట్టుకునేవాళ్ల లాగే. దీనికి ప్లగిన్ కూడా అక్కర్లేదు. ఎంతమంది పడుకుంటే తెల్లవారాలో చెప్పే నియమాన్ని 2021లో ఆటలోనే పెట్టారు. సర్వర్ నడిపేవాళ్లు ఒక్క అంకె మారిస్తే చాలు. మా వాళ్ల ఊళ్లో ఒక్కళ్లు పడుకున్నా తెల్లవారుతుంది.

ఇల్లు చేరే మంత్రం ఇంకొకటి. ఎక్కడికి పోయి దారి తప్పినా "హోమ్" అని కొడితే తన ఇంటి ముందు వచ్చి నిలబడతారు. గంటసేపే ఫోను చేతికొచ్చే పిల్లకి ఇది ఎంత అవసరమో ఆలోచించండి. దారి వెతుక్కోవడంలోనే సగం గంట పోతే ఇక కట్టేదెప్పుడు?

కోర్‌ప్రొటెక్ట్ అని ఒక ప్లగిన్ ఉంది. ఎవరు ఏ బ్లాకు పెట్టారు, ఎవరు తీశారు, ఏ పెట్టె తెరిచారు అన్నీ చిట్టా రాసుకుంటుంది. కావాలంటే జరిగినదాన్ని వెనక్కి తిప్పుతుంది. డాలస్ చిన్నవాడు ఒకసారి వాళ్లన్నయ్య మీద కోపం వచ్చి ధాన్యం కొట్టు తగలబెట్టేశాడు. మా వాడు చిట్టా చూసి పది నిమిషాల్లో కొట్టు మళ్లీ నిలబెట్టాడు. తిట్టలేదు. "కొట్టు వచ్చేసింది, రా, గడ్డి కోద్దాం" అన్నాడట. అంత తేలిగ్గా వెనక్కి తిప్పుకునేవి మన ఇళ్లలో ఎన్ని ఉన్నాయి చెప్పండి!

అన్నిటికంటే నన్ను ఆపేసింది నేల సంగతి. గ్రీఫ్ ప్రివెన్షన్ అని ఇంకో ప్లగిన్. మొదటిసారి పెట్టె పెట్టుకున్న చోట కొంత నేల దానంతటదే ఆ మనిషిదవుతుంది. ఇంకా కావాలంటే బంగారు పార పుచ్చుకుని ఈ మూల ఒకటి, ఆ మూల ఒకటి కొడితే ఆ మేర మనదైపోతుంది. మన అనుమతి లేకుండా ఇంకొకరు అందులో ఇటుక తియ్యలేరు, పెట్టలేరు. ఏ నేల ఎవరిదో తెలియాలంటే చేతిలో కర్ర పట్టుకుని తడితే పేరు చెబుతుంది. సర్వే కర్ర, పాస్‌బుక్కు, రెండూ ఒకటేనన్నమాట.

కిటుకు ఇక్కడే ఉంది చూడండి. పారతో హద్దు కొట్టగానే మూలల్లో మెరిసే రాళ్లు, వాటి పక్కన బంగారు బ్లాకులు కనబడతాయి. నిజానికి అక్కడ ఏమీ ఉండదు. సర్వర్ ఆ ఒక్క మనిషికి మాత్రం "ఇక్కడ బంగారం ఉందని చూపించు" అని కబురు పెడుతుంది. పక్కన నిలబడ్డవాడికి మామూలు గడ్డే కనబడుతుంది. కాసేపటికి అవీ మాయమవుతాయి. ఆడేవాళ్ల దగ్గర ఏమీ ఎక్కించకుండా ఇన్ని విద్యలు ఎలా చేస్తారంటే ఇలాగే. ఆటకి ముందే తెలిసిన వస్తువుల్ని, ముందే తెలిసిన మాటల్ని వాడుకుని కొత్త సంగతి చెబుతారు. పగటి వేషగాళ్లు ఇంట్లో ఉన్న చీరతోనే అర్ధనారీశ్వరుడి వేషం కట్టినట్టు.

ఇంకో ముక్క. హద్దు కొట్టుకున్నాక "ట్రస్ట్" అని రాసి పక్కన ఒకరి పేరు రాస్తే, వాళ్లు ఆ నేలలో మనలాగే ఏదైనా చేసుకోవచ్చు. మా వాడు మొదటి రోజే ముగ్గురి పేర్లూ రాసేశాడు. వాళ్లూ రాశారు. మరి హద్దులెందుకురా అని అడిగితే "బయటివాళ్ల కోసం అమ్మా" అన్నాడు. వాళ్ల ఊళ్లోకి బయటివాళ్లు ఎవరూ రారు. నేను పెసరట్టు తిరగేసి ఊరుకున్నాను.

ఇక ఫోను సంగతి. జావా భాష రాని ఫోన్‌ని లోపలికి తేవడానికి గీజర్ అనే చేర్పు ఉంది. నీళ్లు కాచుకునే గీజర్ పేరే! అది గుమ్మంలో దుబాసీలా కూర్చుంటుంది. ఫోను చెప్పినదాన్ని జావాలోకి, సర్వర్ చెప్పినదాన్ని ఫోను భాషలోకి మారుస్తుంది. దానికి తోడు ఫ్లడ్‌గేట్ అని ఇంకొకటి పెడితే, ఫోన్లో ఆడేవాళ్లు కంప్యూటర్ ఆట విడిగా కొనుక్కోనక్కర్లేదు. కాకినాడ పిల్ల చెయ్యవలసిందల్లా తన ఆటలో సర్వర్ల పేజీ తెరిచి, మా వాడిచ్చిన చిరునామా, 19132 అనే అంకె కొట్టడమే. పిల్లల ఖాతా కాబట్టి పదిమందితో కలిసి ఆడేందుకు పెద్దవాళ్లు అనుమతి పెట్టాలి. మా తోడికోడలు పెట్టింది. పిల్ల ఎవరితో ఆడుతోందో తెలిసే పెట్టింది.

అలా వచ్చినవాళ్ల పేరు ముందు ఫ్లడ్‌గేట్ ఒక చుక్క పెడుతుంది. కంప్యూటర్ వాళ్లలో అదే పేరున్నవాళ్లు ఉంటే తికమక రాకుండా. మార్చుకోవాలంటే మార్చుకోవచ్చు గానీ మా వాడు అలాగే ఉంచాడు. మొదటి ఆదివారం పొద్దున ఎనిమిదింటికి, డాలస్‌లో అప్పుడు శనివారం రాత్రి తొమ్మిదిన్నర, తెర మీద ఆ పిల్ల పేరు పడింది, ముందు చుక్కతో. బొట్టు పెట్టుకుని పేరంటానికొచ్చినట్టు. మా వాడు పిలిస్తే నేనూ వెళ్లి చూశాను. చతురస్రపు బొమ్మ ఒకటి గడ్డిలో గెంతుతోంది. "పెద్దమ్మా" అని రాసింది తెర మీద, నేను చూస్తున్నానని వాడు చెబితే.

ఈ పద్ధతిలో అన్నీ కుదురుతాయని చెప్పను. విస్తట్లో పులుసు నిలవదు, దొన్నె కావాలి. కొత్త నియమాలు ఎన్నైనా పెట్టుకోవచ్చు గానీ, ఆటకి అసలు తెలియని కొత్త వస్తువుని చూపించాలంటే ఆడేవాళ్ల దగ్గర దాని బొమ్మ ఉండి తీరాలి. ఆటలోనే నోటితో మాట్లాడుకునే మాడ్‌కి ఎవరికి వాళ్లు ఎక్కించుకోక తప్పదు. మా వాళ్లు ఆ గొడవ పడకుండా పక్కన వాట్సాప్ కాల్ పెట్టుకుంటారు.

కొత్త బొమ్మలకి ఒక మధ్య దారి ఉంది. రిసోర్స్ ప్యాక్ అంటారు. గుమ్మంలో అడుగుపెట్టగానే సర్వర్ "ఇది పుచ్చుకుంటారా?" అని అడుగుతుంది. సరేనంటే అదే దిగి కూర్చుంటుంది. ఎవరూ వెతికి ఎక్కించుకోనక్కర్లేదు. విస్తరితో పాటు దొన్నె కూడా ఇంటివాళ్లే ఇచ్చినట్టు. దాంతో ఆటలో ఉన్న వస్తువుకే కొత్త వేషం వేస్తారు. మా వాడు నాలుగు రాత్రులు కూర్చుని మా అత్తగారి ఇత్తడి బిందె చేశాడు. మెడ దగ్గర సొట్టతో సహా. ఆటకి బిందె తెలియదు కాబట్టి, కాగితం ముక్కకి బిందె వేషం వేసి వంటింటి గోడకి ఆనించాడు.

డాలస్ వాళ్లు "వావ్" అన్నారు. కాకినాడ పిల్ల వచ్చి "అన్నయ్యా, ఇక్కడెవరో కాగితం అంటించారు, తీసెయ్యనా?" అంది.

కంప్యూటర్ వాళ్లకిచ్చే ప్యాక్ ఫోన్‌కి అలాగే దిగదు. ఫోన్‌కి వేరేగా తయారుచేసి గీజర్‌కి అప్పగించాలి. చెయ్యలేనిదేం కాదు. కానీ చేసిన ప్రతిసారీ ఆ నిండిపోయిన ఫోన్‌లోకి మరికాస్త దిగాలి. బిందె తర్వాత రోలు, రోలు తర్వాత ఉయ్యాల బల్ల, అలా ఆ పిల్ల ఎప్పుడూ ఒక వస్తువు వెనకబడే ఉంటుంది. మా వాడు ఆ రాత్రి ప్యాక్ తీసేశాడు. నాలుగు రాత్రుల పని. "అందరికీ కనబడనిది మన ఊళ్లో వద్దమ్మా" అన్నాడు. బిందె ఉన్న చోట మట్టి కుండ పెట్టాడు. 2023లో ఆటలో కొత్తగా వచ్చిన కుండ, నాలుగు ఇటుకలతో చేసుకోవచ్చు. కంప్యూటర్‌లోనూ ఫోన్‌లోనూ కుండలాగే కనబడుతుంది.

మా అత్తగారి బిందె ఇత్తడిది, నిజమే. ఆ కుండ చూస్తే ఆవిడ గుర్తుకు రాకపోవచ్చు. అయినా నలుగురూ ఒకే వస్తువు చుట్టూ నిలబడి "ఇది నానమ్మది" అనుకోగలుగుతున్నారు.

అవును, వాళ్లు కడుతున్నది తాతగారి ఇల్లే. ఎవరూ అనుకుని మొదలుపెట్టలేదట. ముందు అరుగు కట్టారు, తర్వాత మండువా వచ్చింది. డాలస్ పిల్లలు పంపకాల తర్వాత ఆ ఊరు రాలేదు. కాకినాడ పిల్ల మాత్రం చూసింది. మండువా కప్పు వేసే రోజు ఆ పిల్ల అడిగింది, "మధ్యలో గోడ కట్టాలా అన్నయ్యా?" అని. మా వాడు చాలాసేపు ఏమీ రాయలేదు. తర్వాత "తాతయ్య ఉన్నప్పటి ఇల్లు కడుతున్నాం" అని రాశాడు. ఆ పిల్ల "సరే" అని వెళ్లి వానపట్టు దగ్గర నీళ్లు పోసింది.

ఆ వారంలోనే ఒక రాత్రి మా తోడికోడలి నుంచి మెసేజ్ వచ్చింది. బొమ్మ కాదు, మాటలు. "అక్కా, పాప ఆటకి ఫోన్లో ఇంకేమైనా ఎక్కించాలా? జాగా లేదు. తీసెయ్యాల్సినవి ఉంటే చూస్తాను." రెండేళ్లలో తను నాకు సొంతంగా రాసిన మొదటి మాట అది. ఏం రాయాలా అని చాలాసేపు ఫోను పట్టుకు కూర్చున్నాను. చివరికి "ఏమీ ఎక్కించక్కర్లేదు. ఏదీ తీసెయ్యద్దు. పాప వస్తే చాలు" అని రాశాను.

అన్నదమ్ములు మాట్లాడుకుంటున్నారని చెప్పను, అది జరగలేదు. మేమిద్దరం మాత్రం అప్పుడప్పుడూ పిల్లల ఆట టైము గురించి రెండు ముక్కలు రాసుకుంటున్నాం. మొన్న చింతకాయ పచ్చడి సంగతి కూడా వచ్చింది.

తల్లులుగా మీకు పనికొచ్చే విషయం ఒకటుంది. మాడ్‌లు దించుకోవడంలో ప్రమాదం లేకపోలేదు. 2023 జూన్‌లో, అందరూ నమ్మి వాడే చోట్లలోనే కొన్ని మాడ్‌లలో, ప్లగిన్లలో ఫ్రాక్చరైజర్ అనే వైరస్ దూరింది. కంప్యూటర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు ఎత్తుకుపోయే రకం. మనం బ్యాంకు పనులు చూసుకునే కంప్యూటర్‌లోనే పిల్లలు ఆడతారు కదా. చేర్పులన్నీ సర్వర్‌లో ఉంటే మిగతా ఇళ్లలో ఎవరూ ఏదీ దించుకోనక్కర్లేదు. జాగ్రత్తంతా ఒక్కచోట పడితే సరిపోతుంది. సర్వర్‌కి వైట్‌లిస్ట్ అని పేర్ల పట్టీ కూడా పెట్టుకోవచ్చు. పట్టీలో పేరు లేనివాళ్లు లోపలికి రాలేరు. మా పిల్లల పట్టీలో నాలుగే పేర్లు. కాబట్టి మీ పిల్లలు మాడ్ కావాలని అడిగినప్పుడు వద్దని కసరకుండా, సరేనని తలూపకుండా, ఒక్క ప్రశ్న అడగండి: "ఇది సర్వర్‌లో పెడితే సరిపోతుందా, అందరూ ఎక్కించుకోవాలా?" ఆ ప్రశ్న వినగానే వాళ్లు మిమ్మల్ని చూసే చూపు మారుతుంది. గ్యారంటీ.

అయితే ఎవరూ ఏమీ ఎక్కించుకోకపోవడం అంటే పని లేకపోవడం కాదు. నాలుగు చోట్ల పడాల్సిన పని ఒక్కచోట పడడం. ఆటకి కొత్త వెర్షన్ వచ్చిందంటే ఫోన్లు వాటంతటవే మారిపోతాయి. ఇక్కడ గీజర్ మార్చుకోకపోతే ఆదివారం పొద్దున ఆ పిల్ల తలుపు దగ్గర ఆగిపోతుంది. ప్లగిన్లు ఒకదాంతో ఒకటి పడకపోవచ్చు. ఊరు మొత్తాన్ని ఎప్పటికప్పుడు ఇంకోచోట దాచి ఉంచాలి. మా వాడు శనివారం రాత్రి పదకొండు దాటాక ఇవన్నీ సరిచూసి పడుకుంటాడు. ఆ సంగతి ఆ ముగ్గురికీ తెలియదు. తెలియకపోతేనే అన్నీ సరిగ్గా ఉన్నట్టు.

ఈ మాట నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు, మీకూ అంతే. ముందురోజు పప్పు నానబోసింది ఎవరు, పాలు తోడేసింది ఎవరు అని ఎవరూ అడగరు. పెరుగు తోడుకోని రోజే అడుగుతారు. నా కొడుకు ఆ పని చేస్తున్నాడని తెలిసి మొదట నవ్వొచ్చింది. తర్వాత మనసు నిండింది. ఇంటికొచ్చేవాళ్లు ఖాళీ చేతులతో రాగలగాలంటే ఇంట్లో ఎవరో ఒకరు ముందే అన్నీ అమర్చి ఉండాలి. ఆ ఎవరో ఒకరు ప్రతిసారీ ఆడదే కానక్కర్లేదని వాడికి నేను ఉపన్యాసం ఇవ్వలేదు. ఒక చెల్లెలు గుమ్మం బయట నిలబడిపోతుందన్న బెంగే వాడికి నేర్పింది.

ఇప్పుడు వాళ్లు ఇంటి చుట్టూ తోట వేస్తున్నారు. కోనసీమ ఇల్లన్నాక కొబ్బరి చెట్లు లేకుండా ఎలా? ఆటలో కొబ్బరి చెట్టు లేదు. అది పెట్టే మాడ్‌లున్నాయి గానీ మా వాళ్ల ఊరికి అవి పడవు. దారి కనిపెట్టింది కాకినాడ పిల్లే. అడవి చెట్టు దుంగలు ఒకదాని మీద ఒకటి పొడుగ్గా నిలబెట్టి, పైన ఆకులు నాలుగు వైపులా చాచి, మొవ్వు కింద కోకో కాయలు తగిలించింది. ఈ ఆటలో కోకో కాయ అడవి చెట్టు దుంగకే అతుక్కుంటుంది. దూరం నుంచి చూస్తే అచ్చం గెల వేసిన చెట్టే. మన గోదావరి జిల్లాల్లో నిజంగానే కొబ్బరి తోటల్లో అంతర పంటగా కోకో వేస్తారు. ఆ పిల్లకి ఆ సంగతి తెలిసే చేసిందో, రంగు కుదిరిందని చేసిందో అడగలేదు. ఇప్పటికి పదకొండు చెట్లయ్యాయి. గంట టైములో రెండు చెట్లు లేస్తాయి. తాతగారి తోటలో ఎన్ని ఉండేవో వాళ్లమ్మని అడిగిందట. వాళ్లమ్మ నన్నడిగింది. నేను లెక్క గుర్తు తెచ్చుకుంటున్నాను.